టికెట్ ముందా, వీసా ముందా? నలుగురం, 15 రాత్రులు, లండన్ నుంచి రోమ్ దాకా

ఊరుచూపు (ప్రశ్న)

సెప్టెంబర్‌లో నలుగురం వెళ్దామనుకుంటున్నాం: నేను, మా ఆయన, అత్తయ్య (68), బాబు (10). వరస ఇదీ: సెప్టెంబర్ 10న లండన్‌లో దిగి 4 రాత్రులు, 14న రైల్లో పారిస్ వెళ్లి 4 రాత్రులు, 18న స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ వెళ్లి 3 రాత్రులు, 21న రోమ్ వెళ్లి 4 రాత్రులు, 25న తిరుగు ప్రయాణం. మా పాస్‌పోర్టులకు బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) రెండూ కావాలి. రెండూ ఇంకా అప్లై చేయలేదు.

నా అనుమానాలు:

ముందు టికెట్లు కొనాలా, వీసాలు తెచ్చుకోవాలా? వీసాకి టికెట్ అడుగుతారంటారు, వీసా రాకుండా టికెట్ కొనొద్దంటారు. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

ధరలు పోల్చి చూపించే ఒక సైట్‌లో బాగా చవకైన ఆప్షన్ కనిపించింది. ఇస్తాంబుల్ మీదుగా, మధ్యలో 2 గంటల 50 నిమిషాల గ్యాప్. రెండు ముక్కలకీ వేర్వేరు ఎయిర్‌లైన్స్. కింద చిన్న అక్షరాల్లో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని ఉంది. దిగేచోట ఐఎస్‌టీ అనీ, ఎక్కేచోట ఎస్‌ఏడబ్ల్యూ అనీ కోడ్‌లున్నాయి. ఇది ఫర్వాలేదా?

అదే ఫ్లైట్ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కంటే బుకింగ్ సైట్‌లో కొంచెం తక్కువకి వస్తోంది. ఎక్కడ కొనడం మంచిది?

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. ఎక్కువ దూరం నడవలేరు.

నీలిమేఘం

వీసాల సంగతి ముందు చెప్తాను. మీ ట్రిప్‌కి అసలు చిక్కు టికెట్లు కాదు, పాస్‌పోర్టులు. రెండు వీసాలకీ అదే పాస్‌పోర్టు కావాలి, ఒకే సమయంలో అది రెండు చోట్ల ఉండలేదు. కాబట్టి క్యాలెండర్‌ని దాని చుట్టూనే కట్టుకోవాలి.

షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. ఇవన్నీ అప్లికేషన్ ఇచ్చిన రోజు నుంచి లెక్క. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు ఇందులో లేవు, సీజన్‌లో ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే. బ్రిటన్ విజిటర్ వీసాకి మాత్రం 3 నెలల ముందు కంటే ముందుగా అప్లై చేయనివ్వరు. నిర్ణయం మామూలుగా 3 వారాలు.

అంటే జూన్ 10కి ముందు మీరు బ్రిటన్‌కి అప్లై చేయలేరు. షెంగెన్‌కి మార్చి మధ్య నుంచే చేయొచ్చు. కాబట్టి షెంగెన్ ముందు: ఏప్రిల్‌లోనో మే మొదటి వారంలోనో అపాయింట్‌మెంట్ పట్టండి. 45 రోజులు పట్టినా జూన్ మూడో వారానికి పాస్‌పోర్టు మీ చేతికొస్తుంది, వెంటనే బ్రిటన్‌కి అప్లై చేయొచ్చు. చాలామంది లండన్ ముందు చూస్తాం కదా అని బ్రిటన్ వీసాతో మొదలుపెట్టి, జూన్ దాకా చేతులు కట్టుకుని కూర్చుని, తర్వాత షెంగెన్ అపాయింట్‌మెంట్ దొరక్క ఇరుక్కుంటారు.

షెంగెన్‌లో ఏ దేశానికి అప్లై చేయాలన్నది మీ ప్లాన్‌లో అచ్చంగా గీత మీద ఉంది. ఎక్కువ రోజులుండే దేశానికి అప్లై చేయాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. పారిస్ 4, రోమ్ 4 కాబట్టి లెక్క ప్రకారం ఫ్రాన్స్. కానీ కౌంటర్ దగ్గర వాదన ఎందుకు? లండన్‌లో ఒక రాత్రి తగ్గించి పారిస్‌లో కలపండి, ఫ్రాన్స్ 5 అయిపోతుంది, ఎవరూ అడగరు. వీసా వచ్చాక రోమ్‌లో ఒక రోజు పెంచుకోవాలనిపించినా కొంప మునగదు. ప్లాన్ మొత్తం మార్చేసి ఫ్రాన్స్ ముఖమే చూడకపోతేనే సమస్య.

వరస మాత్రం చక్కగా ఉంది, మార్చకండి. లండన్ చివర్లో లేదా మొదట్లో ఉంటే సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా సరిపోతుంది. మధ్యలో పెడితే, అంటే పారిస్, లండన్, రోమ్ అనుకుంటే, పారిస్ నుంచి బయటపడగానే ఆ ఎంట్రీ అయిపోయినట్టే. రోమ్‌కి రెండో ఎంట్రీ కావాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో ఉంది, కాబట్టి దానికి విడిగా ఏమీ అక్కర్లేదు. ఐర్లాండ్ దీనికి తలకిందులు, యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. లండన్ దగ్గరే కదా అని డబ్లిన్ కలిపే ఆలోచన వస్తే దాని వీసా రూల్ వేరుగా చూసుకోండి.

రోజుల లెక్కలో ప్రవేశించిన రోజు, బయటపడిన రోజు రెండూ కలుస్తాయి. 14 నుంచి 25 దాకా 12 రోజులు, 11 కాదు. లండన్‌లో ఒక రాత్రి తగ్గిస్తే 13. ఫారంలో రాత్రుల సంఖ్య వేసేవాళ్లు ఎక్కువ. ఇంకో సంగతి, యూరోస్టార్‌కి (లండన్ నుంచి పారిస్ వెళ్లే రైలు) ఫ్రాన్స్ ఇమిగ్రేషన్ లండన్‌లోనే, సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో రైలెక్కే ముందే జరుగుతుంది. పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడిచి వెళ్లిపోతారు. అందుకే ఆ స్టేషన్‌కి మామూలు రైలుకి వెళ్లినట్టు పది నిమిషాల ముందు వెళ్తే రైలు వెళ్లిపోవడం చూస్తూ నిలబడాలి.

పాస్‌పోర్టులు ఇప్పుడే తీసి చూడండి. షెంగెన్‌కి మూడు షరతులు: బయటపడే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, గత 10 ఏళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, 2 ఖాళీ పేజీలుండాలి. చాలా ఇతర దేశాలు 6 నెలలు అడుగుతాయి కాబట్టి 6 నెలలుంటే నిశ్చింత. పిల్లల పాస్‌పోర్టు చాలాచోట్ల పెద్దవాళ్ల దానికంటే తక్కువ కాలానికే ఇస్తారు, బాబుది మొదట చూడండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 45. 12 ఏళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు. పెద్దవాళ్లు 59 నెలల్లోపు షెంగెన్ వీసాకి వేలిముద్రలు ఇచ్చి ఉంటే వాటినే వాడుకోవచ్చు.

ఇక టికెట్: వీసా ఫైల్లో అడిగేది వెళ్లే, వచ్చే రిజర్వేషన్. డబ్బు కట్టేసిన టికెట్టే కావాలని కాదు. మూడు దార్లున్నాయి. కొన్ని ఎయిర్‌లైన్స్ చిన్న రుసుముకి ధరను రెండు మూడు రోజులు హోల్డ్‌లో పెడతాయి. అది అపాయింట్‌మెంట్‌కి ముందు రోజు చేస్తే ఆ పూటకి పనికొస్తుంది, ఫైల్ చూసే నాటికి ఎగిరిపోవచ్చు. రెండోది పూర్తిగా రీఫండ్ వచ్చే టికెట్ కొనడం. డబ్బు కొన్ని వారాలు ఇరుక్కుంటుంది, అంతే. మూడోది రుసుము కోసి మిగతాది తిరిగిచ్చే రకం. నలుగురికి నా ఓటు రెండోదానికి. హోటళ్లు మాత్రం ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే, క్యాన్సిల్ చేయడానికి చివరి తేదీ వీసా వచ్చే తేదీ తర్వాత ఉండేలా చూసుకోండి. ఆ చివరి తేదీ హోటల్ ఉన్న ఊరి టైమ్ ప్రకారం ఉంటుంది.

జోలెసంచి

ఇంత అవసరమా? డమ్మీ టికెట్ ఇచ్చే సైట్లు బోలెడున్నాయి. కొద్ది డబ్బుతో పీఎన్‌ఆర్ ఇచ్చేస్తారు, ఫైల్‌లో పెట్టేయడమే.

నీలిమేఘం

@జోలెసంచి అందులో రెండు రకాలున్నాయి. ఒకటి నిజమైన రిజర్వేషన్, టికెట్ ఇష్యూ చేయకుండా పెట్టింది. ఎయిర్‌లైన్ సైట్‌లో కనిపిస్తుంది, కానీ డబ్బు కట్టే గడువు దాటగానే దానంతటదే రద్దవుతుంది. రెండోది ఎడిట్ చేసిన పీడీఎఫ్, ఎక్కడా కనిపించదు. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొడితే ఎవరైనా నిమిషంలో చూడొచ్చు, కాన్సులేట్ వాళ్లు కూడా. మొదటిది చూసేసరికి పోయి ఉండొచ్చు. రెండోది దొంగ పత్రం కిందికి వస్తుంది, ఆ కారణంతో తిరస్కరిస్తే తర్వాత ఏ దేశానికి అప్లై చేసినా "మీకెప్పుడైనా వీసా నిరాకరించారా" అన్న గడిలో అది రాయాల్సి వస్తుంది. మిగిలేది ఎంతనీ!

గేట్14

టికెట్ల గురించి నేను చెప్తాను. ముందు ఆ ఇస్తాంబుల్ ఆప్షన్‌ని పక్కన పడేయండి.

ఐఎస్‌టీ, ఎస్‌ఏడబ్ల్యూ ఒకే ఎయిర్‌పోర్టు కాదు. మొదటిది ఇస్తాంబుల్ ఎయిర్‌పోర్టు, ఊరిని రెండుగా చీల్చే బోస్ఫరస్ జలసంధికి యూరప్ వైపు. రెండోది సబీహా గోక్చెన్, ఆసియా వైపు. మధ్యలో మహానగరం, దాని ట్రాఫిక్. 2 గంటల 50 నిమిషాల్లో దిగాలి, ఇమిగ్రేషన్ దాటాలి, బ్యాగులు తీసుకోవాలి, ఖండం మారాలి, మళ్లీ చెకిన్ చేయాలి. అయ్యే పని కాదు. పైగా ఎయిర్‌పోర్టు మారాలంటే టర్కీలోకి ప్రవేశించినట్టే, దానికి మీకు వీసా కావాలేమో అదో ప్రశ్న. ఇదే బోనులు ఇంకా ఉన్నాయి: లండన్‌లో హీత్రో, గాట్విక్, పారిస్‌లో చార్ల్స్ డి గాల్, ఓర్లీ, టోక్యోలో నరీటా, హనేడా. సెర్చ్‌లో ఊరి పేరు ఒకటే కనిపిస్తుంది, మూడక్షరాల కోడ్ చూస్తేనే తెలుస్తుంది.

ఎయిర్‌పోర్టు ఒకటే అయినా 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అంటే రెండు వేర్వేరు టికెట్లని అర్థం. రెండో ఎయిర్‌లైన్‌కి మీ మొదటి ఫ్లైట్ సంగతి తెలియదు, తెలిసినా పట్టదు. మొదటిది లేటైతే రెండోదాంట్లో మీరు నో-షో, అంటే రానట్టే లెక్క. డబ్బు పోయినట్టే, ఆ టికెట్‌లోనే తిరుగు ప్రయాణం కూడా ఉంటే సాధారణంగా అదీ రద్దవుతుంది. బ్యాగులు చివరిదాకా వెళ్లవు. ఒకే టికెట్ మీద ఉంటే కథ వేరు: కనెక్షన్ తప్పితే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది.

ఒకే టికెట్టో కాదో తేల్చుకోవడానికి పీఎన్‌ఆర్ కంటే టికెట్ నంబరు చూడండి. మనిషికి 13 అంకెలుంటుంది, మొదటి 3 అంకెలు ఎయిర్‌లైన్ కోడ్. కన్‌ఫర్మేషన్ మెయిల్‌లో పీఎన్‌ఆర్ మాత్రమే ఉండి 13 అంకెల నంబరు లేకపోతే టికెట్ ఇంకా ఇష్యూ కాలేదన్నమాట. కార్డు నుంచి డబ్బు పోయినా సరే, అది సీటు పట్టి ఉంచడమే. 24 గంటల్లో నంబరు రాకపోతే ఫోన్ చేయండి, ఎయిర్‌పోర్టు దాకా ఆగొద్దు.

బుకింగ్ సైటా, ఎయిర్‌లైన్ సైటా? అన్నీ సవ్యంగా జరిగితే ఎక్కడ కొన్నా ఒకటే. తేడా వచ్చిన రోజే తెలుస్తుంది. బుకింగ్ సైట్‌లో కొంటే ఎయిర్‌లైన్ "మీ ఏజెంట్‌ని అడగండి" అంటుంది, ఏజెంట్ "ఎయిర్‌లైన్ అనుమతి రావాలి" అంటాడు. రీఫండ్ ముందు ఏజెంట్‌కి వెళ్లి అక్కణ్నుంచి మీకు రావాలి. క్యాన్సిల్ చేస్తే ఎయిర్‌లైన్ రుసుము మీద సైట్ తన రుసుము వేస్తుంది. తేడా నూటికి నాలుగైదు వంతులే అయితే ఎయిర్‌లైన్ దగ్గరే కొనండి. సైట్‌ని వెతకడానికి వాడుకోండి, అది దానికి బాగా పనికొస్తుంది.

వెతికేటప్పుడు 'మల్టీ సిటీ' నొక్కి, వెళ్లడం లండన్‌కి, రావడం రోమ్ నుంచి అని ఒకే టికెట్‌గా చూడండి. రెండు వన్‌వేలు విడిగా కొంటే చాలాసార్లు ఎక్కువవుతుంది. బ్రిటన్ నుంచి బయల్దేరే విమానాలకి ప్రయాణికుల సుంకం ఉంటుంది, దూర ప్రయాణాలకి గట్టిగానే, అక్కడ దిగేవాళ్లకి ఉండదు. కాబట్టి లండన్‌లో దిగి రోమ్‌లో ఎక్కడం మీకు డబ్బుపరంగానూ కలిసొచ్చే వరసే.

నలుగురికి వెతికేటప్పుడు ఒక కిటుకు. ఎకానమీలో సీట్లు అన్నీ ఒకే ధర కాదు, ధరల మెట్లుగా విడగొట్టి ఉంటాయి. చవక మెట్టులో 2 సీట్లే మిగిలి ఉంటే, మీరు నలుగురని కొట్టగానే సిస్టమ్ నలుగురినీ పై మెట్టు ధరకి ఎత్తేస్తుంది. ఒకరికి వెతికి చూడండి, ఇద్దరికి చూడండి. తలసరి ధర తేడా ఉంటే ఇద్దరిద్దరుగా రెండు బుకింగ్‌లు చేయొచ్చు. కానీ ఫ్లైట్ రద్దయితే ఒక జంట ఒక దాంట్లో, మరో జంట మరో దాంట్లో పడే ప్రమాదం ఉంది. అందుకే రెండు పీఎన్‌ఆర్‌లనీ లింక్ చేయమని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి చెప్పాలి, బాబుని ఒక పెద్దవాళ్లతో ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంచాలి. తేడా తక్కువైతే ఒకే బుకింగ్ నయం. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిస్తే చవక అనేవి పట్టించుకోకండి. నిన్న చూసిన ధర ఇవాళ పెరగడానికి మామూలు కారణం ఆ మెట్టులో సీట్లు అయిపోవడమే.

కొన్నాక కూడా పని ఉంది. మార్చిలో కొన్న టికెట్ టైమింగ్స్ సెప్టెంబర్ లోపు మారడం మామూలే. రెండు మూడు వారాలకోసారి ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్‌ఆర్ కొట్టి చూడండి. 'షెడ్యూల్ ఛేంజ్' మెయిల్ వస్తే కంగారుపడి 'యాక్సెప్ట్' నొక్కకండి. నొక్కారంటే కొత్త టైమింగ్‌కి ఒప్పుకున్నట్టే, తర్వాత బేరానికి చోటుండదు. మార్పు పెద్దదైతే ఉచితంగా వేరే ఫ్లైట్‌కి మార్చమనో, డబ్బు వాపసు ఇమ్మనో అడగొచ్చు. మీరు రోమ్ నుంచి బయల్దేరే ఫ్లైట్‌కి, ఏ ఎయిర్‌లైన్ అయినా సరే, యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన వర్తిస్తుంది. రద్దు చేస్తే రీఫండా, మరో ఫ్లైటా అన్నది ఎంచుకునే హక్కు మీది. 14 రోజుల్లోపు చెప్పి రద్దు చేసినా, గమ్యానికి 3 గంటలకి పైగా లేటుగా చేర్చినా, తప్పు వాళ్లదైతే దూరాన్ని బట్టి మనిషికి 250, 400, 600 యూరోల పరిహారం. తుఫాను లాంటివాటికి పరిహారం ఉండదు, భోజనం, బస మాత్రం ఇవ్వాల్సిందే.

ఊరుచూపు

చాలా థాంక్స్. కోడ్‌లు చూసి కూడా అవి రెండు ఎయిర్‌పోర్టులని తట్టలేదు! ఇంకో రెండు సందేహాలు. అత్తయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకేచోట ఉంది. బుకింగ్ ఫారం ఇంటిపేరు లేకుండా ముందుకెళ్లనివ్వడం లేదు. రెండోది, వీల్‌చెయిర్ ఎలా అడగాలి? డబ్బు కట్టాలా?

మూడోవరస

పేరు సంగతి: పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున రెండు పొడవాటి వరసలుంటాయి, కోణపు గుర్తులతో (<). ఒక్కో వరసలో 44 అక్షరాలు. మెషిన్ చదివేది దాన్నే. పై వరసలో దేశం కోడ్ తర్వాత మొదట ఇంటిపేరు, రెండు కోణపు గుర్తులు, తర్వాత సొంత పేరు. ఒకటే పేరున్నవాళ్లకి అది ఎలా పడిందో అక్కడ చూసుకుని ఆ స్పెల్లింగే వాడండి.

ఫారంలో ఇంటిపేరు గడి నింపాల్సిందే కాబట్టి ఎయిర్‌లైన్స్ తలో పద్ధతి పెట్టుకున్నాయి. కొన్ని ఆ ఒక్క పేరునే రెండు గడుల్లోనూ రాయమంటాయి, కొన్ని పేరుని ఇంటిపేరు గడిలో రాసి రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేయమంటాయి. మీరు ఊహించి రాయొద్దు. కొనేముందు ఆ ఎయిర్‌లైన్ చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టికెట్, వీసా, ఇన్సూరెన్స్ మూడింట్లోనూ పేరు పాస్‌పోర్టుతో కలవాలి. మీకు టైముంటే పాస్‌పోర్టులో పేరుని విడగొట్టి ఇంటిపేరు గడి నింపించుకోవడం శాశ్వత పరిష్కారం, కానీ అది వీసాకి ముందే జరగాలి. ఏప్రిల్‌లో అపాయింట్‌మెంట్ పెట్టుకుని ఇప్పుడు ఆ పని మొదలుపెట్టడం మాత్రం నేను సలహా ఇవ్వను.

టికెట్ వచ్చాక రెండు పేర్లు స్పేస్ లేకుండా కలిసిపోయి, చివర ఎమ్‌ఆర్ఎస్ (మిసెస్) అని అతుక్కుని కనిపిస్తే భయపడకండి. సిస్టమ్ అలాగే రాస్తుంది. అక్షరం తేడా ఉంటేనే ఫోన్ చేయాలి, అదీ అదేరోజు. చిన్న అక్షరదోషాలు చాలా ఎయిర్‌లైన్స్ సరిచేస్తాయి, మనిషే మారినట్టుండే మార్పు చేయవు. పాస్‌పోర్టు నంబరు ఎక్కించేటప్పుడు సున్నాకీ ఓ అక్షరానికీ తేడా చూసుకోండి.

వీల్‌చెయిర్ ఉచితం. బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందు చెప్పాలి, బుక్ చేసేటప్పుడే చెప్తే మేలు. మూడు రకాలున్నాయి. మెట్లెక్కగలరు, దూరం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్ఎస్. సీటు దాకా కూడా నడవలేరంటే డబ్ల్యూసీహెచ్‌సీ. మీ అత్తయ్యగారు విమానం మెట్లెక్కగలరో లేదో ఆవిణ్నే అడిగి సరైనది పెట్టించండి. మొదటిది పెట్టి, అక్కడ బస్సులో తీసుకెళ్లి మెట్ల కింద దింపితే ఇబ్బంది పడేది ఆవిడే. కనెక్షన్ ఉన్న ప్రతి ఎయిర్‌పోర్టుకీ ఆ కోడ్ పడిందో లేదో చూసుకోండి. వీల్‌చెయిర్ ఉంటే అందరూ దిగాక చివర్లో దింపుతారు, కనెక్షన్ గ్యాప్ గంటన్నర కంటే తక్కువ తీసుకోకండి. నన్నడిగితే రెండున్నర, మూడు గంటలు. తిరుగు ప్రయాణంలో కనెక్షన్ ఇంకో షెంగెన్ ఎయిర్‌పోర్టులో పడితే, ఉదాహరణకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో, బయటికెళ్లే పాస్‌పోర్ట్ చెక్ రోమ్‌లో కాదు, అక్కడ జరుగుతుంది. ఆ క్యూ కూడా ఈ గ్యాప్‌లోకే వస్తుంది.

యూరోస్టార్‌కి, స్విస్ రైళ్లకి ఈ అసిస్టెన్స్ వేరుగా అడగాలి, విమానం వాళ్లకి చెప్తే రైలు వాళ్లకి తెలియదు. పారిస్‌లో దిగేది గార్ డు నోర్‌లో, స్విట్జర్లాండ్ వైపు రైలు ఎక్కేది గార్ డి లియోన్‌లో. మధ్యలో 4 రాత్రులున్నాయి కాబట్టి మీకు తొందర లేదు, కానీ హోటల్ వెతికేటప్పుడు ఈ రెండూ మ్యాప్‌లో చూసుకోండి. బాసెల్ దాకా ఒక రైలు, అక్కడ మారి ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌కి ఇంకొకటి. మొదటి దానికి సీటు రిజర్వేషన్ తప్పనిసరి. స్విట్జర్లాండ్‌లో ట్రావెల్ పాస్ తీసుకుంటే బాబుకి ఫ్యామిలీ కార్డ్ అడగండి, 16 ఏళ్లలోపు పిల్లలకి తల్లిదండ్రులతో కలిసి ఉచితం. సరిహద్దులో రైల్లో తనిఖీ జరగొచ్చు, పాస్‌పోర్టులు పెద్ద పెట్టెలో పెట్టి పైన పడేయకండి.

నీలిమేఘం

ఇన్సూరెన్స్ చెప్పడం మర్చిపోయాను. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ కావాలి. మీరు లండన్‌లో కూడా ఉంటారు కాబట్టి 'షెంగెన్' అని మాత్రమే ఉన్న చవక పాలసీ తీసుకుంటే మొదటి 4 రోజులు కవరేజీ ఉండదు. వరల్డ్‌వైడ్ తీసుకుని, సర్టిఫికెట్‌లో షెంగెన్ అనే మాట, ఆ మొత్తం యూరోల్లో ఉండేలా అడగండి. అత్తయ్యగారికి ఇప్పటికే ఉన్న జబ్బులు ఫారంలో ఒక్కటీ దాచకండి. బీపీ మాత్ర వేసుకుంటూ 'లేదు' అని టిక్ పెడితే, గుండెకి సంబంధించిన క్లెయిమ్ అంతా ఆ ఒక్క టిక్ దగ్గర ఆగిపోతుంది. క్యాన్సిలేషన్ కవర్ కావాలంటే టికెట్లు కొన్న రోజే తీసుకోండి, తర్వాత తీసుకుంటే అప్పటికే తెలిసిన కారణాలకి వర్తించదు. వీసా రాకపోవడం చాలా పాలసీల్లో మినహాయింపే. రెండు విడి టికెట్ల మధ్య కనెక్షన్ తప్పడం కూడా చాలావాటిలో కవర్ కాదు.

గేట్14

బ్యాగుల గురించి నాలుగు మాటలు. టికెట్ కొనేటప్పుడు 'లైట్', 'బేసిక్' అని ఉంటే చెకిన్ బ్యాగ్ లేనట్టే అనుకుని చూడండి. కొన్ని ఎయిర్‌లైన్స్ బ్యాగుల సంఖ్యని లెక్కిస్తాయి, ఒక్కోటి 23 కిలోలు. కొన్ని మొత్తం బరువు లెక్కిస్తాయి. మొదటి రకంలో ఒక దాంట్లో 28, ఇంకో దాంట్లో 18 పెట్టి సగటు 23 అంటే కుదరదు, 28 దానికి అదనం కట్టాలి. ఎక్కడైనా ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే తీసుకోరు. అయినా మీది రైళ్ల ట్రిప్, ఎత్తేది మీరే. మనిషికో పెట్టె వద్దు, నలుగురికి రెండో మూడో చాలు.

నలుగురి బట్టలూ కలిపి సర్దండి. ఒక పెట్టె రాకపోతే ఒకరు పూర్తిగా బట్టల్లేకుండా ఉండకుండా. పెట్టె రాకపోతే హాల్లోంచి బయటికి రాకముందే కౌంటర్‌లో పీఐఆర్ అనే రిపోర్ట్ (బ్యాగు రాలేదన్న ఫిర్యాదు) రాయించుకుని నంబరు తీసుకోవాలి. విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న బ్యాగుకి 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి చేతికొచ్చాక 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టు లెక్క. 2024 డిసెంబర్ 28 నుంచి పరిహారం పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్). పెట్టె వచ్చేలోగా కొన్న బట్టలు, టూత్‌బ్రష్‌ల రసీదులు దాచండి.

పవర్‌బ్యాంక్ చేతిబ్యాగులోనే. పరిమితి 100 వాట్-అవర్లు. దాని మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే 3.7తో గుణించి 1000తో భాగించండి: 20,000 అయితే 74, ఫర్వాలేదు. 30,000 అయితే 111, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అత్తయ్యగారి మందులు కూడా చేతిబ్యాగులోనే, కొన్నప్పటి ప్యాకింగ్‌లోనే, ప్రిస్క్రిప్షన్‌తో.

అక్కడ కార్డు గీకినప్పుడు మెషిన్ "మీ కరెన్సీలో కడతారా?" అని అడుగుతుంది. ఎప్పుడూ ఆ దేశం కరెన్సీయే నొక్కండి. మీ కరెన్సీ నొక్కితే మారకం రేటు ఆ మెషిన్ వాళ్లు వేసుకుంటారు.

ఊరుచూపు

అన్నీ రాసుకున్నాను. లండన్ 3, పారిస్ 5 చేసేశాం, 13న పారిస్. ఫ్రాన్స్ అపాయింట్‌మెంట్ ఏప్రిల్ 21కి దొరికింది. రీఫండ్ వచ్చే టికెట్ ఒకటి చూశాం, ఒకే పీఎన్‌ఆర్, కనెక్షన్ 3 గంటల 10 నిమిషాలు. సెప్టెంబర్ 10న రాత్రి 12:40కి బయల్దేరుతుంది, అదేరోజు మధ్యాహ్నం లండన్‌లో దిగుతుంది. 10 రాత్రి భోంచేసి ఎయిర్‌పోర్టుకి బయల్దేరితే సరిపోతుందిగా?

మూడోవరస

ఆగండాగండి. టికెట్ మీద 00:40 అని, తేదీ 10 అని ఉంటే, అది 9వ తేదీ రాత్రి పన్నెండు దాటిన 40 నిమిషాలకి. మీరు 9 రాత్రి తొమ్మిదిన్నర కల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. 10 రాత్రి భోంచేసి వెళ్తే విమానం వెళ్లి దాదాపు రోజు గడిచి ఉంటుంది. ఇంటి క్యాలెండర్‌లో 9వ తేదీ గడిలోనే రాసుకోండి, ఆఫీసు సెలవు కూడా 10 నుంచి కాకుండా 9 సాయంత్రం చూసుకుని పెట్టండి. రోమ్ నుంచి తిరుగు ఫ్లైట్ కూడా అర్ధరాత్రి దాటాక ఉంటే అక్కడా ఇదే లెక్క: అది 26 తేదీతో ఉంటే షెంగెన్‌లో మీ రోజు ఒకటి పెరుగుతుంది. ఫారం నింపే ముందు ఆ తేదీ చూసి అప్పుడు 13 అనో 14 అనో వేయండి.